పిల్లవాని గొంతు విడిగా వినబడాలి



మా పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదైనా, దాని చుట్టూ అధికభాగం ఆంధ్రప్రదేశ్ సరిహద్దే. ఇక్కడ ఎన్నో ఇండ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. రెండు లిపులూ అక్కచెల్లెళ్ల వంటివి గనుక కన్నడం నేర్చిన పిల్లలకు తెలుగు అక్షరాలు త్వరగానే పట్టుబడతాయి. చిక్కు ఉచ్చారణలో ఉన్నది.

చంద్రుడు అన్నప్పటి చకారం వేరు, చలి అన్నప్పటి చకారం వేరు. మొదటిది తాలవ్యం, రెండవది దంత్యం. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో వీటిని వేర్వేరు వర్ణాలుగానే లెక్కించాడు. కన్నడంలో ఈ భేదం లేదు. అందుచేత మా పిల్లలు పుస్తకం చూసి చదివేటప్పుడు చలి, చాప, జల్లెడ అన్నిటినీ తాలవ్యంగానే పలుకుతారు. తరగతి అంతా కలిసి వల్లె వేస్తున్నప్పుడు ఎవరు ఎలా పలుకుతున్నారో ఉపాధ్యాయునికి తెలియదు, పలికే బిడ్డకు అసలే తెలియదు. పదిమంది గొంతుల చాటున ఒకరి తప్పు దాగిపోతుంది.

ఇందుకు నేను కొన్నేళ్లుగా కంప్యూటరు సాయం తీసుకుంటున్నాను. పాఠాన్ని ఒకసారి నేను చదివి రికార్డు చేస్తాను. బిడ్డ హెడ్‌ఫోనులో దానిని వింటూ, వెంబడే చదువుతాడు. కంప్యూటరు ఆ బిడ్డ గొంతును మాత్రమే వేరొక ట్రాకులో నమోదు చేస్తుంది. తరువాత నా ట్రాకును ఆపి, అతని గొంతును అతనికే వినిపిస్తాను. ఆ తరువాత రెండూ కలిపి వినిపిస్తాను. తేడా ఎక్కడున్నదో నేను చెప్పక ముందే చాలామంది పట్టుకుంటారు.

ఇది జరగాలంటే సౌండ్ కార్డు ఒకే సమయంలో శబ్దాన్ని వినిపించాలి, గ్రహించాలి కూడా. పోలీసుల వైర్‌లెస్ సెట్టులో ఒకరు మాట్లాడితే మరొకరు ఆగాలి. టెలిఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడవచ్చు. తొలినాటి సౌండ్ కార్డులు చాలావరకు వైర్‌లెస్ సెట్టు వంటివి. ఇప్పటివి దాదాపు అన్నీ టెలిఫోను వంటివే. కనుక నేడు పని జరగకపోతే, లోపం సాధారణంగా కార్డులో గాక అమరికలో ఉంటుంది.

అమరిక కష్టమేమీ కాదు. మైకును గులాబీరంగు రంధ్రంలో, హెడ్‌ఫోనును ఆకుపచ్చ రంధ్రంలో పెట్టండి. ల్యాప్‌టాపులో ఒకే రంధ్రం ఉంటే మైకు కలిసిన హెడ్‌సెట్ వాడండి. యూఎస్‌బీ హెడ్‌సెట్ అయితే ఇంకా సులువు, దానిలోనే చిన్న సౌండ్ కార్డు ఉంటుంది. విండోస్ సౌండ్ అమరికలలో ప్లేబ్యాక్‌కూ రికార్డింగుకూ ఒకే శాంపిల్ రేటు ఉంచండి. సెకనుకు 44,100 చాలును. మాటల పాఠానికి మోనో, 16 బిట్లు సరిపోతాయి. నిమిషానికి సుమారు 5 మెగాబైట్లు పడుతుంది.

సాఫ్ట్‌వేరుగా నేను వాడేది ఆడాసిటీ. ఇది 2000లో విడుదలైనది, ఉచితం. దీనిలో ఓవర్‌డబ్ అనే ఎంపికను తెరచి ఉంచితే, పాత ట్రాకు వినిపిస్తుండగా కొత్తది రికార్డు అవుతుంది. ఆడాసిటీ 3వ శ్రేణిలో షిఫ్ట్‌తో పాటు ఆర్ నొక్కితే బిడ్డ గొంతుకు వేరే ట్రాకు ఏర్పడుతుంది. రెండు ట్రాకులు కొంచెం ముందువెనుకలుగా కనబడితే లేటెన్సీ కాంపెన్సేషన్ అనే అంకెను సవరించండి.

మూడు విషయాలలో మాత్రం మిక్కిలి జాగ్రత్త అవసరం.

ఒకటి, రికార్డింగు పరికరంగా మైకునే ఎంచుకోండి. స్టీరియో మిక్స్ ఎంచుకుంటే కంప్యూటరు వినిపించే నా గొంతే మళ్లీ రికార్డు అవుతుంది. స్పీకర్లు పెట్టినా అంతే, నా గొంతు మైకులో చొరబడుతుంది. అప్పుడు వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని, వల్లెవేతలో వలెనే బిడ్డ తప్పు మరుగున పడుతుంది.

రెండు, మైకులో పడిన గొంతును అప్పటికప్పుడు హెడ్‌ఫోనులోకి తిరిగి పంపే ఎంపికలుంటాయి. విండోస్‌లోనూ ఆడాసిటీలోనూ వాటిని ఆపివేయండి. కంప్యూటరు గుండా తిరిగి వచ్చే గొంతు కొంత ఆలస్యంగా వస్తుంది. తన మాట తనకే సెకనులో ఐదవ వంతు ఆలస్యంగా వినబడితే చక్కగా మాట్లాడేవారు సైతం తడబడతారని బెర్నార్డ్ లీ 1950లోనే తెలిపాడు. యంత్రం కల్పించిన తడబాటును చూసి బిడ్డకు నత్తి అని ముద్ర వేయడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

మూడు, బ్లూటూత్ హెడ్‌సెట్ వద్దు. దాని మైకు పని మొదలుపెట్టగానే వినిపించే శబ్దం నాణ్యత సాధారణంగా పడిపోతుంది. దంత్య తాలవ్య భేదం వంటి సూక్ష్మమైనది అందులో స్పష్టంగా తెలియదు. తీగ ఉన్నదే మేలు.

తల్లిదండ్రులారా, ఇంట్లో కంప్యూటరు లేకపోయినా రెండు ఫోన్లతో ఈ పని చేయవచ్చును. ఒకదానిలో పాఠాన్ని ఇయర్‌ఫోను ద్వారా వినిపించండి, రెండవదానిలో బిడ్డ గొంతును రికార్డు చేయండి. పాఠం చదివే గొంతు నాదే కానక్కరలేదు. మీ ఇంట్లో అవ్వ ఉంటే ఆమె చేత ఒక కథ చెప్పించి పెట్టుకోండి. చలి, చాప, జల్లెడ ఆమె పుస్తకం చూసి నేర్చుకున్న మాటలు కావు.

బడిలో తెలుగుకు దొరికే పీరియడ్లు కొద్ది. ఆ కొద్ది సమయంలో ప్రతి బిడ్డ గొంతునూ విడిగా వినడం ఏ ఉపాధ్యాయునికైనా కష్టమే. తన గొంతును తాను వినడం నేర్చుకున్న బిడ్డ మాత్రం బడి విడిచిన తరువాత కూడా తనను తాను దిద్దుకోగలడు. మీ బిడ్డ చదువును ఒక్క ఐదు నిమిషాలు ఇలా రికార్డు చేసి, ముందు వానికే వినిపించండి. ఎక్కడ తప్పిందో మీరు చెప్పకండి, వానినే చెప్పనివ్వండి.