సముద్రంలో పెద్దమ్మ ఇల్లు

మాదాపూర్‌లో తొమ్మిదో అంతస్తు. కిటికీలోంచి చూస్తే దుర్గం చెరువు, దానిమీద 2020లో ప్రారంభమైన తీగల వంతెన. చీకటి పడితే రంగురంగుల దీపాలు. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అక్కడ నిలబడి ఫొటోలు దిగుతుంటారు. ఆమె మాత్రం 'కెరటం లేని నీళ్లూ నీళ్లేనా!' అనుకుంటుంది.

ఆమెకు నీళ్లంటే ఉప్పాడ. కాకినాడకు ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు. పెద్దమ్మ వాళ్లుండేది అక్కడే. 1980ల్లో పరీక్షలు అయిపోయిన మర్నాడే ప్రయాణం. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సామర్లకోట. అక్కణ్నుంచి బస్సు. ఊరొచ్చిందన్న సంగతి ముందుగా గాలే చెప్పేది. ఉప్పూ, ఎండుచేపలూ కలిసిన ఆ వాసనకి నాన్న ముక్కు మూసుకుంటే, అమ్మ గుండెల నిండా పీల్చుకునేది.

చిన్న పెంకుటిల్లు. వాకిట్లో రెండు కొబ్బరిచెట్లు, వాటి అవతల ఇసుక, ఇసుక అవతల సముద్రం. ముందుగదిలో మగ్గం. పెద్దనాన్న, ఆయన పక్కన మరో మనిషి కూర్చుని నేసేవారు. ఉప్పాడ జాందానీ అంటే అంతే మరి... ఒక్క మగ్గానికి ఇద్దరు. పువ్వును చేత్తోనే, పోగు పోగుగా ఎక్కించాలి. చీరని ఎటు తిప్పి చూసినా ఒకేలా కనిపించాలి. ఆ చీరలకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటి పిల్లలకి అవేం తెలుసు? రాత్రి మగ్గం ఆగగానే సముద్రం హోరు పెద్దదయ్యేది. అదే వాళ్లకి జోలపాట.

తెల్లవారుజామునే ఒడ్డుకి పరుగు. నీళ్లలోంచి సూర్యుడు పైకొస్తుంటే, జాలర్లు రెండు పక్కలా తాళ్లు పట్టుకుని వల లాగేవారు. పిల్లలూ తాడు చివర పట్టుకుని లాగినట్టు నటించేవాళ్లు. కూలి కింద గుప్పెడు చేపలు! ఆ తర్వాత గవ్వలు, పీతల వెంట పరుగులు. ఎండెక్కాక తాటిముంజెలు. మధ్యాహ్నం పెద్దమ్మ వండిన ఎండు నెత్తళ్లు, మామిడికాయ కూర.

ఇంకో ఆట ఉండేది. గుమ్మం దగ్గర్నుంచి కెరటం దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టడం. ఒక వేసవిలో నూట పది. మరుసటేడు తొంభై ఆరు. ఆపైన ఎనభై.

''పెద్దమ్మా, తగ్గిపోతున్నాయేంటి?''

''నువ్వు ఎదుగుతున్నావు కదే... అడుగులు పెద్దవయ్యాయి'' అని నవ్వేసేది పెద్దమ్మ. ఆ మాట నిజమేననుకుందామె చాలా ఏళ్లు.

ఎదుగుతున్నది అడుగులే కాదు... సముద్రమూ దగ్గరికొస్తోంది. కాకినాడ తీరానికి హోప్ ఐలాండ్ అడ్డుగా నిలిచి కెరటాల జోరు తగ్గిస్తుంది. ఉప్పాడకు ఆ అండ లేదు. 1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్లు రెండూ కూలిపోయాయి. ఇల్లు నిలబడింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లకి ఆమె హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరింది. గోడలు అద్దాలతో మెరిసే ఆఫీసులో కూర్చుని ఉండగా ఓ రోజు ఫోన్. వంటగది గోడ పోయిందని. మరో రెండు వానాకాలాలకి ఇల్లే లేదు. తీరంలో రాళ్లు పోశారు, జియోట్యూబు గోడ కట్టారు. అయినా తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు కోతకు గురవుతూనే ఉంది. పెద్దనాన్న కాలం చేశారు. పెద్దమ్మ ఇప్పుడు కొడుకు దగ్గర పిఠాపురంలో ఉంటోంది.

పోయిన వేసవిలో కూతురు పట్టుబట్టింది, 'నువ్వు చెప్పే ఆ ఇల్లు చూపించమ్మా' అని. లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. పెద్దమ్మనీ వెంటబెట్టుకుని ఉప్పాడ వెళ్లారు. వేట నిషేధం రోజులు కదా, మరపడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి.

''ఇల్లేదమ్మమ్మా?'' అంది పిల్ల.

పెద్దమ్మ చెయ్యెత్తి సముద్రంలోకి చూపించింది. ''అదిగో... ఆ కెరటం విరుగుతోందే, అక్కడ మగ్గం. దానికి కొంచెం ఇవతల పొయ్యి.''

2020 నవంబరులో నివర్ తుపాను వెళ్లాక ఈ ఒడ్డునే జనం ఇసుకలో బంగారు రేణువులు వెతుక్కున్నారు. ఆ కబురు చెప్పగానే పిల్ల చటుక్కున వంగి ఇసుక తవ్వడం మొదలుపెట్టింది.

''నా ముక్కుపుడకా అందులోనే ఉంది తల్లీ. అది నాకక్కర్లేదు. మీ తాత మగ్గం కొయ్యముక్క దొరికితే చెప్పు'' అంది పెద్దమ్మ.

కొయ్యముక్క దొరకలేదు. కాసేపటికి పిల్ల లేచి, రాళ్లగట్టు దగ్గర్నుంచి కెరటం దాకా అడుగులు లెక్కపెట్టింది. ఇరవై రెండు.

''వచ్చే ఏడాది మళ్లీ లెక్కపెడతా!''

ఆమెకు ఏమనాలో తోచలేదు. పెద్దమ్మే పిల్ల తల నిమిరింది. ''అలాగే లెక్కపెట్టు తల్లీ. కానీ... అప్పుడు కూడా ఇంతే చిన్న అడుగులు వెయ్యి.''