అయిదు రోజుల దుకాణం

కోల్‌కతాలో తొలి విద్యుత్ ట్రామ్ 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కే నడిచింది. ఆ ట్రామ్ ఇప్పుడు లేదు. 1892 నాటి రేవు, ఫ్యాన్సీ మార్కెట్, ఇరుకు సందులు మాత్రం ఉన్నాయి. దసరా వచ్చిందంటే ఆ సందులే ప్రదర్శనశాలలు. 25 పల్లీ, 74 పల్లీ వంటి పూజా కమిటీల పందిళ్ల ముందు అర్ధరాత్రి దాటినా క్యూలు తరగవు.

చూసేవారికి అది పండగ. పందిరిని తీర్చిన కళాకారుడికి ఏడాదికోసారి తెరిచే దుకాణం. నెలల తరబడి వెదురు, గుడ్డతో కట్టిన ఊహ నిలిచేది అయిదు రోజులే. మరుసటి ఏటి పని తేలేది కూడా ఆ అయిదు రోజుల మీదే. విడిగా ప్రకటనలిచ్చే స్తోమత ఎందరికి? పందిరే ప్రకటన.

ఏషియన్ పెయింట్స్ 1985లో శారద్ సమ్మాన్ ప్రారంభించాక పోటీ పెరిగింది. బహుమతి వస్తే జనం, జనం వస్తే కంపెనీల బ్యానర్లు, ఆ డబ్బుతో మరింత భారీ థీమ్. అందుకే రథయాత్ర రోజుల్లో గుంజ నాటే 'ఖూంటీ పూజ'తోనే ప్రచారం మొదలవుతుంది.

పశ్చిమ బెంగాల్‌లో ఈ పూజల చుట్టూ అల్లుకున్న సృజనాత్మక పరిశ్రమల విలువను 2019కి రూ. 32,377 కోట్లుగా బ్రిటిష్ కౌన్సిల్ అధ్యయనం అంచనా వేసింది. 2021 డిసెంబర్‌లో యునెస్కో గుర్తింపూ దక్కింది. అయినా వీధి పొడవునా కనిపించేవి కంపెనీల పేర్లే. రూపకర్త పేరు పందిరి పక్కన ఒక బోర్డు మీద ఉంటుంది.

నిమజ్జనం కాగానే వెదుళ్లు విప్పేస్తారు. సందు మళ్లీ సందవుతుంది. కళాకారుడికి మిగిలేది ఆ బోర్డు మీది పేరే. వచ్చే ఏడు కమిటీలు పిలిచేది దాన్ని చూసే.