మూడు పులులు... పదిహేను మేకలు!

ఒక సుద్దముక్క, పదిహేను గులకరాళ్లు, మూడు చింతగింజలు. పులి-మేక ఆటకు ఇవి చాలు. కరెంటు పోయినా ఆట ఆగదు. పులిజూదమనీ, మేకపులి అనీ ఊరికో పేరు. హంపిలాంటి చోట్ల పాత కట్టడాల రాతిబండల మీద ఇలాంటి ఆటపటాలు చెక్కి కనిపిస్తాయి. మన ఊళ్లలో అరుగులే పటాలు. వాన వస్తే చెరిగిపోతుంది, మర్నాడు మళ్లీ గీసుకుంటారు.

జూదం అన్నారుగానీ ఇందులో పాచికల్లేవు, గవ్వల్లేవు. అదృష్టానికి చోటే లేదు. ఇలాంటి పేచీ అమెరికాలోనూ నడిచింది. పిన్‌బాల్ యంత్రాలు జూదమేనంటూ న్యూయార్క్ నగరం 1942లో వాటిని నిషేధించింది. 1976లో రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగర మండలి ముందు ఆడి, బంతి ఎటు వెళ్తుందో ముందే చెప్పి మరీ కొట్టాడు. అది నేర్పుతో ఆడే ఆటేనని ఒప్పుకుని నిషేధం ఎత్తేశారు. మన పులిజూదానికి అంత పరీక్ష అక్కర్లేదు. ఓడితే తప్పు ఎవరిదో ఇద్దరికీ తెలుస్తుంది!

గీయడం ఎలా?

ఒక శిఖరం నుంచి కిందికి నాలుగు గీతలు గీయాలి. అడుగున వాటిని ఒక గీతతో కలపాలి. మధ్యలో మూడు అడ్డగీతలు త్రికోణం దాటి రెండు వైపులా బయటికి రావాలి. వాటి చివర్లను అటూ ఇటూ నిలువు గీతలతో కలిపేస్తే పటం సిద్ధం. లెక్కపెట్టండి... శిఖరం ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు. మొత్తం 23 స్థానాలు.

సాధారణంగా ఒక పులిని శిఖరం మీద, మిగతా రెంటినీ దాని కింది గీత మీద పెడతారు. మేకలవాళ్లు ఒక్కో మేకను ఖాళీ చోట పెడుతుంటే, పులులవాళ్లు ప్రతిసారీ ఒక పులిని కదుపుతారు. పదిహేనూ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పక్కనే మేక ఉండి, దాని వెనక అదే గీతలో ఖాళీ ఉంటే పులి దూకి తినేస్తుంది. వరుసగా రెండు మేకలుంటే దూకలేదు. పులి మీంచి పులి దూకకూడదు. మూడు పులులూ కదల్లేకపోతే మేకలు గెలిచినట్టు. ఎన్ని మేకలు పోతే పులులది గెలుపన్నది ఇంటింటికీ మారుతుంది. మొదలెట్టేముందే మాట్లాడుకోవడం మంచిది, లేకపోతే చివర్లో గొడవే!

మూలల రహస్యం

ఈ పటంలో ఏడు చోట్ల మేకను ఏ పులీ తినలేదు. శిఖరం, పక్క గీతల కొసలు నాలుగు, అడుగు గీత కొసలు రెండు. అక్కడ గీతలన్నీ ఆగిపోతాయి, అవతలికి దూకే దారుండదు. శిఖరం మీద ముందే పులి ఉంటుంది కాబట్టి మిగిలిన ఆరు మూలలూ మేకలకు కోటలు. తెలిసినవాళ్లు మొదటి మేకల్ని అక్కడే దించుతారు. తర్వాతివి వాటిని ఆనుకుని, వెనక ఖాళీ లేకుండా పెడుతూ వస్తారు. కొత్తవాళ్లు నడిమధ్య ఒంటరి మేకను పెట్టి, పులికి విందు చేస్తారు.

విచిత్రమేమిటంటే, మేకకు కోట అయిన ఆ మూలే పులికి బోను. మూలకు చేరిన పులికి రెండే దారులు. పక్కన రెండు మేకలు, వాటి వెనక మరో రెండు... నాలుగింటితో పని అయిపోతుంది. ముగ్గురినీ వేర్వేరు మూలల్లో మూయాలంటే పన్నెండు. చేతిలో ఉన్నవి పదిహేను. పులులు దగ్గర దగ్గరగా చిక్కితే ఇంకా తక్కువే చాలు. అందుకే తెలివైన పులి నడిమధ్య తిరుగుతుంది. తోటి పులులకు దూరంగా ఉంటుంది. ఎదురుగా మేక కనబడగానే దూకదు, దూకాక బయటికొచ్చే దారుందా అని చూస్తుంది. ఎరగా వదిలిన ఒక్క మేకకు ఆశపడి మూలన పడ్డ పులులెన్నో!

నేపాల్‌లో దీని తమ్ముడు 'బాగ్‌చల్'. అక్కడ నాలుగు పులులు, ఇరవై మేకలు. దాన్ని కంప్యూటర్‌తో చివరిదాకా లెక్కగట్టిన పరిశోధకులు, ఇద్దరూ పొరపాటు చేయకపోతే ఆట సమానమేనని తేల్చారు. పులి కదా అని గెలుపు దానికి రాసిపెట్టి లేదన్నమాట.

పాలకుర్తి పటం మీద...

ఈ మాట పాలకుర్తివాళ్లకు కొత్తకాదు. పాల్కురికి సోమనాథుడి పేరుతో ముడిపడిన ఈ ఊరు, ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి జనగామ జిల్లాలో ఉంది. చాకలి ఐలమ్మ ఇక్కడే కౌలు భూమి సాగుచేసింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆ పంట మీద, భూమి మీద కన్నేశాడు. ఒంటరిగా ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. కానీ సంఘం మనుషులు ఆమె వెనక నిలబడ్డారు. పంట ఐలమ్మ ఇంటికే చేరింది. వెనక మేక ఉన్న మేక మీదికి పులి దూకలేదంటే ఇదే!

అయితే ఆటకూ బతుక్కూ ఒక తేడా ఉంది. పటం మీద ఎరగా వదిలిన మేకను పక్కన పడేసి, మరో ఆటకు మళ్లీ తీసుకోవచ్చు. ఐలమ్మ కుటుంబం చెల్లించిన మూల్యం అలా తిరిగిరాలేదు. ఆమె 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

సెలవు రోజు పిల్లలకు ఈ పటం గీసి ఇవ్వండి. మొదట అందరూ పులి కావాలనే పేచీ పెడతారు. ఇవ్వండి. రెండో ఆటకు వైపులు మార్చండి. పులిగా ఆడితే ఆశను ఆపుకోవడం తెలుస్తుంది, మేకలుగా ఆడితే పక్కవాడి విలువ తెలుస్తుంది. నాలుగు ఆటలయ్యాక మేకలు నాకంటే నాకని పోటీపడితే, పటం తన పని చేసిందన్నట్టే.