రెంటచింతల ఎండ

మా రెంటచింతల ఎండ సంగతి వినని తెలుగువారు ఉండరు. వేసవిలో 45 డిగ్రీలు దాటిందంటే పత్రికలవాళ్లు ముందు మా ఊరి పేరే రాస్తారు. ఇంత వేడీ వృథాగా పోతోందే అని నా బాధ. పిడుగురాళ్లలో మా బావకు సున్నపు బట్టీ ఉంది. అక్కడ రాయి కాలడానికి సుమారు 900 డిగ్రీలు కావాలి. అదీ గాలిపాలే!

మా రెండో అమ్మాయి వేడి నుంచి కరెంటు తీసే ప్లాస్టిక్ మీద నాలుగేళ్లుగా పరిశోధన చేస్తోంది. పెళ్లిమాట ఎత్తితే "ఇంకొక్క ఏడాది నాన్నా" అంటుంది. అంచేత బావ ఎదుట గొప్పలు నేనే చెప్పాను: "నీ బట్టీకి మా అమ్మాయి పట్టీ తగిలిస్తే వీధంతా దీపాలే!"

కిందటి వేసవిలో బావ అమ్మాయినే అడిగేశాడు.

"బట్టీలో పెడితే బూడిదే మామయ్యా! ఎంత వేడి ఉందన్నది కాదు, ఒక పక్క వేడి, రెండో పక్క చల్లన ఉండాలి. 1821లో సీబెక్ పట్టుకున్నది ఆ తేడానే."

నా ముఖం మాడిపోయింది.

తరవాత పంచలో కూచుని విడమరచి చెప్పింది. కరెంటు పారే ప్లాస్టిక్ సంగతి 1977లో తేలింది. 2000లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. అది వేడిని తొందరగా దాటనివ్వదు, మంచిదే. కాని కరెంటూ అంతంతమాత్రం. అందుకని వెంట్రుకకన్నా వేల రెట్లు సన్నని కార్బన్ నాళికలు కలుపుతారు. 1991లో జపానులో ఇజిమా లోకానికి చూపించినవి. వాటిలో కరెంటు పరుగెడుతుంది. మరి వేడి? అదీ పరుగెడుతుంది, చిక్కంతా అక్కడే! అయితే నాళికకూ నాళికకూ మధ్య పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుందట. చేనిదడికి వదిలే ఇరుకు సందు చూశారు గదా, మనిషి ఒరుసుకుని దూరతాడు, గేదె ఆగిపోతుంది. పొర దగ్గర కరెంటు దూరుతుంది, వేడి చాలావరకు ఆగుతుంది. నాళికలు ఎక్కువైతే ఉండకడతాయి, తక్కువైతే దారి కలవదు. నాలుగేళ్లూ ఆ పాళ్లు కుదర్చడానికే పోయాయి.

ముందటేడు మా అమ్మకు వడదెబ్బ తగిలింది. ఒళ్లు ఎంత కాలుతోందో ఎవరమూ గమనించలేదు. ప్రాణం మీదికి వచ్చింది. బ్యాటరీ లేకుండా ఒంటి వేడితోనే నడిచి, ఆ వేడి ఎంతో చెప్పే పట్టీ చేయాలని అమ్మాయి పంతం.

తెల్లవారుజామున నాయనమ్మ మణికట్టుకు పట్టీ కట్టింది. మీటరులో వోల్టులో వేలోవంతులు కనిపించాయి. "దీపమేదే?" అంది అమ్మ. మధ్యాహ్నం గాలి ఒంటికన్నా వేడెక్కేసరికి కరెంటు ఎదురు తిరిగి అంకె ముందు మైనస్ గుర్తు పడింది. ఆ మధ్యలో, గాలీ ఒళ్లూ సమానమైనప్పుడు, సున్నా.

"ఆ సున్నా వేళ వడదెబ్బ తగిలితే?" అన్నాడు బావ.

అమ్మాయి నవ్వలేదు. నోటుబుక్కు తీసి రాసుకుంది. ఆ రాత్రి నేను పెళ్లిమాట ఎత్తలేదు.