రెండు తేదీలు

ఫిట్స్‌తో వచ్చిన ఆడపిల్లను 'మాత్రలు మానేశావా' అని అడగని డాక్టరుండడు. నిద్ర చాలిందా, జ్వరం తగిలిందా అని కూడా అడుగుతాం. నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. తెనాలిలో ప్రాక్టీసు చేస్తూ, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లను చూస్తూ వచ్చిన నాకు ఒక నమ్మకం బలపడింది: ఆ ప్రశ్న అడగనిదే వాళ్ల వైద్యం పూర్తికాదు.

రేపల్లె వైపు పల్లె నుంచి ఒక తల్లి, ఇంటర్ చదివే కూతుర్ని తీసుకుని పాసింజరు బండిలో వచ్చింది. గోడకున్న తెలుగు క్యాలెండరును మేకు మీంచి తీసి, చుట్టి, సంచిలో పెట్టుకొచ్చింది. ఫిట్స్ వచ్చిన రోజుల మీద ఎర్ర సున్నాలున్నాయి. "అమావాస్య దగ్గర పడిందంటే కంటిమీద కునుకుండదండీ డాక్టరుగారూ. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం" అంది.

మూడు నెలల సున్నాలూ నిజంగానే అమావాస్యకు అటూ ఇటూ ఉన్నాయి. పిల్లను నెలసరి తేదీలు అడిగాను. అమ్మ మొహం చూసి, తల దించుకుని, ఒక్కొక్కటే చెప్పింది. నీలం పెన్నుతో గుర్తులు పెట్టించాను. ప్రతి ఎర్ర సున్నా పక్కనా, ఒకరోజు ముందో వెనకో, నీలం గీత పడింది. తిథుల లెక్కన నెలకు 29.5 రోజులు, ఈ పిల్ల నెలసరీ దాదాపు అంతే. అందుకే ఆ రెండూ కొంతకాలం కలిసి నడిచాయి. తర్వాతి నెలల్లో నెలసరి పక్కకు జరిగింది. ఫిట్సూ దాని వెంటే జరిగాయి, అమావాస్య దగ్గర ఆగలేదు. తల్లి గమనించింది వట్టి భ్రమ కాదు. కారణం ఒక్కటే వేరు.

దీన్ని కాటమీనియల్ ఎపిలెప్సీ అంటారు. ఫిట్స్ జబ్బున్న ఆడవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి నెలసరి చక్రంలో కొన్ని రోజుల్లో ఫిట్స్ ఎక్కువవుతాయని అంచనా. 1857లోనే లండన్ వైద్యుడు చార్లెస్ లోకాక్ నెలసరితో ముడిపడిన ఫిట్స్‌కు బ్రోమైడ్ వాడినట్టు చెప్పాడు. అవి ఎందుకు వస్తాయో తేలడానికి మాత్రం వందేళ్లకు పైగా పట్టింది.

ఆ 'ఎందుకు'కు జవాబు వెతికినవారిలో మన తెలుగువాడు దూదిపాల సాంబరెడ్డి ఉన్నారు. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివి, చండీగఢ్ పంజాబ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మైకేల్ రొగావ్‌స్కీతో కలిసి పనిచేశారు. తర్వాత టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

అండాశయం నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్ మెదడులో అల్లోప్రెగ్ననొలోన్‌గా మారుతుంది. ఇలాంటివాటిని న్యూరోస్టిరాయిడ్లంటారు. మెదడు కణాల ఉద్రేకాన్ని అణిచే గాబా గ్రాహకాలు మన కాలవల మీది లాకు తలుపుల్లాంటివి. న్యూరోస్టిరాయిడ్ ఆ తలుపును మరింతసేపు తెరిచి ఉంచుతుంది. క్లోరైడ్ లోపలికి వచ్చి కణం శాంతిస్తుంది. నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. దాంతో ఆ రక్షణా పోతుంది.

సాంబరెడ్డి, రొగావ్‌స్కీ ఈ పతనాన్నే ఆడ ఎలుకల్లో కల్పించి చూశారు. ముందు ప్రొజెస్టిరాన్ పెరిగేలా చేసి, తర్వాత అది న్యూరోస్టిరాయిడ్‌గా మారకుండా మందుతో అడ్డుకున్నారు. ఎలుకలకు ఫిట్స్ సులువుగా వచ్చాయి. ఆ దశలో గ్రాహకాల నిర్మాణమే మారుతుందనీ, డయాజెపామ్ పట్టు తగ్గుతుందనీ, న్యూరోస్టిరాయిడ్ జాతి మందుల పట్టు మాత్రం పెరుగుతుందనీ తేలింది. ఆ జాతికి చెందిన గనాక్సలోన్‌ను 2022లో అమెరికా ఆమోదించింది. అయితే అది సీడీకేఎల్5 లోపం అనే అరుదైన జన్యు వ్యాధి ఉన్నవాళ్ల ఫిట్స్‌కే; నెలసరి ఫిట్స్‌కు కాదు.

ప్రొజెస్టిరాన్‌నే మందుగా ఇస్తే? 2012లో వెలువడిన ఆండ్రూ హెర్జోగ్ బృందం పరీక్షలో మొత్తం మీద తేడా కనిపించలేదు. నెలసరి చుట్టూ ఫిట్స్ బాగా పెరిగేవాళ్లలో మాత్రం మేలు కనిపించింది. ఎవరు ఆ కోవలోకి వస్తారో తేదీలు రాస్తే తప్ప తెలియదు. మా రేపల్లె అమ్మాయికి రోజువారీ మాత్ర ఆపకుండా, నెలసరి దగ్గరి కొద్ది రోజులు క్లోబజామ్ చేర్చాం. ఫిట్స్ పూర్తిగా పోలేదు గాని బాగా తగ్గాయి. తాయెత్తు విప్పమని నేననలేదు, మాత్ర మానొద్దన్నాను.

ఇదే హార్మోను పతనం కాన్పప్పుడు ఇంకా పెద్దది. బాపట్ల దగ్గర పుట్టింట్లో ఉన్న ఒక బాలింతను తీసుకొచ్చారు. బిడ్డ ఏడ్చినా ఎత్తుకోదు, నిద్రపోదు, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. "ఒళ్లు బరువైంది, పని ఎగ్గొడుతోంది" అని అత్తగారి మాట. కాన్పు తేదీ, దిగులు మొదలైన తేదీ పక్కపక్కన రాస్తే మధ్య రెండు వారాలు కూడా లేవు. కడుపుతో ఉన్నప్పుడు ఎంతో పెరిగిన అల్లోప్రెగ్ననొలోన్ కాన్పయిన కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. ఈ దిగులుకు అదొక్కటే కారణమనలేం గాని, అదే పదార్థాన్ని బ్రెక్సనలోన్ పేరుతో 2019లో, ఆ జాతి మాత్ర జురనలోన్‌ను 2023లో అమెరికా ఆమోదించింది. ఈమెకు మామూలు దిగులు మందులూ, రాత్రి బిడ్డను చూసుకునే మనిషీ, ఇది జబ్బేనని అత్తగారికి నచ్చజెప్పడమూ సరిపోయాయి.

అందుకని ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఇది. ఫిట్స్ తేదీ, నెలసరి తేదీ ఒకే క్యాలెండరు మీద కనీసం మూడు నెలలు రాయండి. వ్రతమనీ ఉపవాసమనీ ఫిట్స్ మాత్ర మానకండి. పెళ్లికో పూజకో నెలసరి వాయిదా మాత్ర వేసుకోవాలంటే ముందు డాక్టరుకు చెప్పండి. ఫెనిటాయిన్, కార్బమజపీన్ వాడేవాళ్లలో గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. వాల్‌ప్రోయేట్ వాడే ఆడపిల్ల పెళ్లికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. అది కడుపులో బిడ్డకు హాని చేయగలదు. అయినా సొంతంగా మాత్రం ఆపకూడదు.

తోటి డాక్టర్లకూ, ఆశా కార్యకర్తలకూ ఒకే మనవి. జబ్బు తేదీ పక్కన నెలసరి తేదీనో కాన్పు తేదీనో రాయించండి. దానికి స్కానింగు అక్కర్లేదు, ఖర్చు లేదు. ఆ తల్లులు ఎప్పటినుంచో చెబుతున్నదాన్నే ప్రయోగశాల రుజువు చేసింది. ఇక మనం వినాలి.