యోనమ్మ

మూడు వారాలుగా మేమేమీ వ్రాయలేదు. కొందరు ఫోను చేసి ఆరోగ్యం బాగుందా అని అడిగారు. దేవుని కృపవలన ఇద్దరమూ బాగానే ఉన్నాం. మా ఇంట్లో పిల్లి చనిపోయింది. ఆ మాట ఫోనులో చెప్పడానికి సిగ్గుపడి, పరిచర్య పనులు ఎక్కువయ్యాయని అన్నాం. పిల్లి చనిపోయిందని పాస్టరు గారు కలం పక్కన పెట్టేశారంటే వినేవాళ్ళకు ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఒకప్పుడు అలా విన్నవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ సంగతి తర్వాత చెబుతాం.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు మా మందిరంలో ఆరాధన జరగలేదు. మాది విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ వైపు, సముద్రానికి దగ్గరి పల్లె. హుద్‌హుద్ తుఫాను ఆ మధ్యాహ్నం విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచిందని తర్వాత పేపర్లో చదివాం. ఆ పూట మాత్రం మాకు తెలిసింది ఒక్కటే, మందిరం పైనున్న సిమెంటు రేకులు ఒక్కొక్కటే లేచిపోతున్న చప్పుడు. పద్నాలుగు దాకా లెక్కపెట్టి, ఇక లెక్కపెట్టలేక మోకాళ్ళమీద పడ్డాం.

తెల్లారి చూస్తే జీడితోటలు నేలమట్టం, కొబ్బరిచెట్లు తలలు విరిగి మొండేలు. కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు. మంగళవారం నాడు మందిరం వెనుక కూలిన జీడిచెట్టు కొమ్మలు నరికి దారి చేస్తుంటే, ఒక రేకు ముక్క కింద నుంచి సన్నగా అరుపు వినబడింది. అరచేతిలో ఇమిడేంత పిల్లిపిల్ల. బూడిద రంగు మీద నల్ల చారలు. కళ్ళు తెరిచి నాలుగు రోజులు కూడా అయి ఉండదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఇది తల్లికి ఎన్నో ఇల్లో, ఈ ఒక్కదాన్నే ఎందుకు విడిచిపోయిందో తెలియదు. ఒక రోజంతా తల్లి కోసం చూశాం. రాలేదు.

తుఫానులో దొరికింది, అదీ మూడో రోజున. సండేస్కూలు పిల్లలు ఊరుకుంటారా? యోనా అని పేరు పెట్టేశారు. రెండు నెలల తర్వాత గాని అది ఆడపిల్లి అని మాకు తెలియలేదు. అప్పటికి పేరు స్థిరపడిపోయింది. మా పల్లె అలవాటు ప్రకారం చివర ఒక అమ్మ చేర్చి యోనమ్మ చేశాం.

దాన్ని బ్రతికించడం మాకు చేతనైన పని కాదు. పాలు పొంగించి పళ్ళెంలో పోస్తే చాలని అనుకున్నాం. ఊళ్ళో చాలా ఇళ్ళలో పిల్లల్ని, పిల్లుల్ని పెంచిన ఒక పెద్దమ్మ వచ్చి చూసి నవ్వింది. ఆ వయసు పిల్లకు నాకడం రాదు, రెండు మూడు గంటలకొకసారి చుక్కచుక్కగా తాగించాలి, పాలకంటే ముందు వెచ్చదనం కావాలి అంది. చల్లబడిపోయిన పిల్లకు పాలు పోస్తే అరగవట. తాగించాక గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ తడిపి పొట్ట కింద నెమ్మదిగా రుద్దాలి, తల్లి నాలుకతో చేసే పని అదే, లేకపోతే మూత్రం కూడా పోయలేదు అని చూపించింది. పాల వ్యాను ఆ వారమంతా మా ఊరికి రాలేదు. ఆ పెద్దమ్మే రోజూ రెండు పూటలా తన మేక పాలు చిన్న గ్లాసులో తెచ్చి ఇచ్చింది. సిరపు సీసాతో వచ్చే డ్రాపరుతో, కిరసనాయిలు దీపం వెలుగులో, రాత్రి ఒకరు తెల్లవారుజామున ఒకరు లేచి తాగించాం. మాకు బిడ్డలు లేరన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. దాని గురించి ఇంతకంటే చెప్పం.

క్రిస్మసు నాటికి మందిరం కప్పు మళ్ళీ పడింది. యోనమ్మ కూడా లేచి తిరగసాగింది. దీర్ఘ ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు లోపలికి రావడం దానికి అలవాటు. కళ్ళు మూసుకోని పిల్లలు కిసుక్కుమనగానే మాకు అర్థమయ్యేది. ఒకసారి కానుకల సంచిలో దూరి నిద్రపోయింది. సంచి చేతిలోకి తీసుకున్న సంఘపెద్ద బరువు చూసి "ఇయ్యేల కానుక బాగానే వచ్చినట్టుంది" అన్నారు. పరీక్షకు బయలుదేరిన ఒక కుర్రవాడు దాని ఎదురు వచ్చిందని వెనక్కి తిరిగి మా దగ్గరకే ప్రార్థనకు వచ్చాడు. ఇలాంటి శకునాలు నమ్మకూడదని అతనికి అరగంట చెప్పాం. చెప్పి, మిగతా పరీక్షలు అయ్యేదాకా యోనమ్మను ఉదయం పూట గదిలో పెట్టి గడియ వేశాం. మా విశ్వాసం కూడా అంతంత మాత్రమేనని ఒప్పుకోవాలి.

మందిరంలో పిల్లి ఏమిటని గొణిగినవారూ ఉన్నారు. మన 66 పుస్తకాల బైబిలులో ఇంటి పిల్లి మాట ఎక్కడా లేదు. సెమినరీలో ఉండగా గ్రంథాలయంలో కథోలికుల బైబిలు తిరగేస్తే, బారూకు గ్రంథం చివర చేర్చిన యిర్మీయా పత్రికలో పిల్లులు కనబడ్డాయి. అక్కడ కూడా బబులోను విగ్రహాల మీద కూర్చున్నట్టే తప్ప మంచి పేరేమీ లేదు. యోనమ్మ కూడా అంతే, ప్రసంగ వేదిక అంటే దానికి కూర్చోవడానికి కొంచెం ఎత్తైన చోటు.

ఇక ఈ ఏడాది సంగతి. 2025 వేసవిలో అది నీళ్ళు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. బకెట్టు అంచున ముందుకాళ్ళు పెట్టి అలా తాగుతూనే ఉండేది. ఎండలు కదా అనుకున్నాం. కొంచెం చిక్కింది. వయసు కదా అనుకున్నాం. జూన్ మొదటివారంలో నెత్తళ్ళు వేయించి పెట్టినా వాసన చూసి పక్కకు తిరిగినప్పుడు గాని మాకు భయం పుట్టలేదు. విశాఖపట్నం తీసుకువెళ్తే రక్తపరీక్ష చేసి మూత్రపిండాలు చెడిపోయాయన్నారు. ఈ జబ్బులో మూడింట రెండు వంతులు పాడయ్యాక గాని లక్షణాలు బయటపడవట. ముసలి పిల్లి నీళ్ళు ఎక్కువ తాగుతుంటే ఆలస్యం చేయకూడదని డాక్టరు గారు మెల్లగానే చెప్పారు. అయినా తిట్టినట్టే వినబడింది. మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ మాట గుర్తుంచుకోండి. ఇంకొకటి కూడా, జ్వరమని పారాసెటమాల్ ముక్క ఎప్పుడూ వేయకండి. మనకు మందైనది వాటికి విషం.

ఇంటి దగ్గరే రోజు విడిచి రోజు చర్మం కిందకు సెలైను ఎక్కించడం నేర్పించారు. ఒకరం పట్టుకుంటే ఒకరం సూది వేసేవాళ్ళం. మొదటిసారి చేతులు వణికి సూది అటు వైపు నుంచి బయటకు వచ్చేసింది, సెలైనంతా బొచ్చు మీద కారింది. యోనమ్మ కరవలేదు, తల తిప్పి చూసిందంతే.

ఒక్కసారి విశాఖ వెళ్ళివస్తే మూడు వేలు అయ్యేది. నాలుగుసార్లు వెళ్ళాం. ఎక్కడికని సంఘంవారు అడిగితే "సిటీలో పనుంది" అన్నాం. అది అబద్ధం కాదు గాని నిజం కూడా కాదు. మా సంఘంలో బీపీ మాత్రలు నెలకు సగమే కొనుక్కునే విధవరాళ్ళు ఉన్నారు. ఆ డబ్బు మా సొంత జీతంలోదే, కానుకల్లోది కాదు. అయినా రాత్రిళ్ళు ఆ లెక్క మా ఇద్దరి మధ్య పడుకునేది. ఈ పని సరైనదేనని ఇక్కడ వాదించబోవడం లేదు. చేశాం, అంతే. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ చేస్తామేమో.

జూలైలో ఒక శనివారం రాత్రి పోయింది. మరుసటి రోజు ప్రసంగం కోసం కాగితాలు ముందు పెట్టుకుని ఉన్నాం. అది బీరువా కింద చీకట్లోకి దూరబోయింది. చావు దగ్గరపడ్డ పిల్లులు అలా దాక్కుంటాయి. దాక్కోనివ్వకుండా ఒడిలోకి తీసుకున్నందుకు అది మమ్మల్ని క్షమించాలి. పదకొండు దాటాక రెండుసార్లు పెద్దగా ఊపిరి తీసింది. రాత్రే జామచెట్టు కింద గొయ్యి తీసి పాత దుప్పటి ముక్కలో చుట్టి పెట్టాం. తుఫాను తర్వాత నాటిన చెట్టు అది. ప్రార్థన చేయాలా వద్దా అని కాసేపు నిలబడ్డాం. ఎంతమంది సమాధుల దగ్గరో నిలబడ్డ నోరు అక్కడ పెగల్లేదు. వందనాలు ప్రభువా అని మాత్రం అన్నాం.

ఆదివారం ఎప్పటిలాగే వాక్యం చెప్పాం. ఎవరికీ చెప్పలేదు. కానీ పిల్లల దగ్గర ఏదీ దాగదు. ఆరాధన అయ్యాక ఏడేళ్ళ పిల్లవాడు చొక్కా లాగి అడిగాడు.

"అయ్యగారూ, యోనమ్మ పరలోకంలో ఉంటాదా?"

పరీక్ష కాగితం మీద అయితే ఒక పేజీ వ్రాసేవాళ్ళం. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో సృష్టి అంతా మూలుగుతూ విడుదల కోసం ఎదురుచూస్తోందని పౌలు అన్నాడు. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ ఆ భాగం మీదే ప్రసంగం చేసి, ఆ విడుదలలో మూగజీవాలకు కూడా పాలుందని గట్టిగా చెప్పాడు. అలా కాదన్న పండితులూ ఉన్నారు. యోనా గ్రంథం చివర దేవుడు నీనెవె మీద జాలిపడుతూ, లక్షా ఇరవై వేలకు పైబడిన మనుషులతో పాటు పశువుల్ని కూడా లెక్కలో వేశాడు. ఇవన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"దేవుడు తను చేసినదాన్ని మరచిపోడురా" అన్నాం.

"అయితే ఉన్నట్టా, లేనట్టా?"

వాడికి ఇంకా జవాబు బాకీ ఉన్నాం.

ఇప్పుడు ముందు చెబుతామన్న సంగతి. ఆ మేకపాలు తెచ్చిన పెద్దమ్మ 2018లో ఒక శనివారం సాయంత్రం మా ఇంటికి వచ్చింది. మేక చనిపోయింది, ప్రార్థన చేయమంది. మేము మర్నాటి వాక్యం సిద్ధపడుతున్నాం. గుమ్మంలోనే నిలబెట్టి రెండు నిమిషాలు ప్రార్థన చేశాం. కూర్చోమని కూడా అనలేదు. "మూగజీవమే కదమ్మా, దేవుడు ఇంకొకదాన్ని ఇస్తాడులే" అని ధైర్యం చెప్పాం. ధైర్యం చెప్పామనే అనుకున్నాం. ఆమె చీర కొంగు సర్దుకుంటూ, "ఇంకోటి దేవుడిత్తాడు బాబూ, ఇది పోనాది గదా" అని వెళ్ళిపోయింది.

మరింత సిగ్గుపడే మాట ఏమిటంటే, ఆ రోజుల్లోనే నాతాను దావీదుకు చెప్పిన గొర్రెపిల్ల ఉపమానం మీద చాలా చోట్ల ప్రసంగించాం. దావీదు పాపం గురించి చెప్పాం, పశ్చాత్తాపం గురించి చెప్పాం. ఆ బీదవాడి గొర్రెపిల్ల అతని కంచంలో తిని, అతని గిన్నెలో తాగి, కూతురిలా అతని కౌగిట్లో పడుకునేదన్న భాగాన్ని గబగబా చదివి దాటేసేవాళ్ళం. అది కథకు ముందు మాట అనుకున్నాం. దావీదు అలా అనుకోలేదు. ఆ గొర్రెపిల్ల కోసమే అతనికి కోపం వచ్చింది, అది ఉపమానమని అతనికి ఇంకా తెలియదు.

యోనమ్మ పోయిన సోమవారం మధ్యాహ్నం ఆ పెద్దమ్మ వచ్చింది. ఇప్పుడు చూపు బాగా తగ్గింది, కర్ర పట్టుకుని నడుస్తుంది. చేతిలో కాగితం పొట్లం, అందులో గుప్పెడు ఎండు నెత్తళ్ళు. సంతకు వెళ్ళిన ప్రతిసారీ పిల్లికని తెచ్చేది. గుమ్మంలో నిలబడి "యోనమ్మా" అని పిలిచింది. మేము చెప్పాం.

ఏమీ అనలేదు. దేవుడు ఇంకొకదాన్ని ఇస్తాడని అనలేదు. లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది.

"ఆకరికి ఏటి తినీది?"

గంజి మీద తేట రెండు చెంచాలు తాగిందన్నాం.

"నొప్పి పడినాదా?"

అంతగా లేదన్నాం.

"ఎవుల ఒళ్ళో పోనాది?"

చెప్పాం. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న ఆవిడ, మీరంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, ఆ మాట దగ్గర కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది. ఆ ప్రశ్నలేవీ ఏడేళ్ళ క్రితం మేము ఆమెను అడగలేదు.

కాఫీ పెట్టి ఇచ్చాక మేమే అడిగాం, "పెద్దమ్మా, ఆ మేకకు ఏదైనా పేరు ఉండేదా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "నేకపోతే ఎలాగ? సిన్నమ్మి. తుఫాను ముందు సంవత్సరం మా ఆయన పోనాక కొన్నాను. మీ పిల్లి తాగినాది దాని పాలే గదా బాబూ" అంది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాటేదాకా సిన్నమ్మి గురించి చెప్పింది. తుఫాను రోజున దాన్ని ఇంట్లోకి తెచ్చి మంచానికి కట్టుకుని కూర్చుందట. పేరు పెట్టి పిలిస్తే చెరువు గట్టు మీద నుంచి పలికేదట. చివరి రోజు మేత ముట్టకపోయినా ఆమె చేతిలోని ఉప్పు మాత్రం నాకిందట. వెళ్ళేటప్పుడు నెత్తళ్ళ పొట్లం వెనక్కి తీసుకోలేదు. గోడ అవతల మూడు వీధి పిల్లులు తిరుగుతున్నాయని, జామచెట్టు దగ్గర వేసేయమని చెప్పింది. వేశాం.