ఆనాకి అంకితమిచ్చిన సూసన్న

ప్రొటెస్టెంట్ ఇళ్లల్లో చదువుకునే తెలుగు బైబిల్లో సూసన్న కథ ఉండదు. అందులో దానియేలు గ్రంథం 12 అధ్యాయాలతో అయిపోతుంది. కతోలికుల బైబిల్లో 13వ అధ్యాయం సూసన్నది. బబులోనులో, సొంత తోటలో స్నానానికి సిద్ధమైన ఆమె మీదికి ఇద్దరు పెద్దలు వస్తారు. ఇద్దరూ న్యాయాధిపతులే. మాకు లొంగు, లేదంటే ఎవడో కుర్రాడితో ఉండగా చూశామని సాక్ష్యం చెబుతాం అంటారు. లొంగకపోతే చావేనని తెలిసీ సూసన్న గొంతెత్తి అరుస్తుంది. ఆమెతోపాటు పెద్దలూ అరుస్తారు. ఊరికి వాళ్ల గొంతే వినిపిస్తుంది.

1620లో లూకాస్ ఫోర్స్టర్‌మాన్, రూబెన్స్ చిత్రాన్ని బట్టి రాగిరేకు మీద చెక్కిన ఎన్‌గ్రేవింగ్‌లో ఆ అరుపు లేదు. దాని ముందు క్షణం ఉంది. ముడుచుకుపోయి ఒంటిని కప్పుకుంటున్న సూసన్న, ఆమె మీదికి వంగుతున్న ఇద్దరు ముసలివాళ్లు. బరోక్ కళాకారులు ఇష్టపడే నాటకీయత అంతా ఆ దగ్గరతనంలో ఉంది. ఆ ఇద్దరూ దేన్ని చూస్తున్నారో, కాగితం చేతిలో పట్టుకున్న మనమూ దాన్నే చూస్తాం.

బొమ్మ కింద లాటిన్‌లో ఒక అంకితం ఉంది. రూబెన్స్ దీన్ని ఆమ్‌స్టర్‌డామ్ కవయిత్రి ఆనా రూమర్స్ విస్సర్‌కి ఇచ్చాడు. ఆమెకి ఎన్నో కళలు తెలుసనీ, కవిత్వంలో స్త్రీ జాతిని మించిన పేరు తెచ్చుకుందనీ పొగిడి, శీలానికి అరుదైన ఆదర్శమంటూ ఈ బొమ్మని కానుక చేశాడు.

నా మొదటి కవితల పుస్తకం ఆవిష్కరణలో ఒక పెద్దాయన ‘ఆడవాళ్లు రాసినట్టు లేదమ్మా’ అని మెచ్చుకున్నారు. ఆ మెప్పులో గుచ్చుకున్నదేమిటో ఈ అంకితం చదివాక తెలిసింది. స్త్రీ జాతిని మించావనే మాట మనల్ని తోటి ఆడవాళ్ల నుంచి విడదీస్తుంది. శీలం అనే మాట మళ్లీ అందరితోపాటు అదే గీత లోపల నిలబెడుతుంది. రూబెన్స్ గౌరవంతోనే ఇచ్చాడనుకుంటాను. గౌరవం కూడా ఈ రూపంలోనే రావడం నన్ను ఆలోచనలో పడేస్తుంది.

ఆనా వజ్రపు మొనతో గాజు పాత్రల మీద చెక్కేది. ఒక్క గీతకి చెయ్యి ఎంత కుదురుగా ఉండాలో ఆమెకి తెలుసు. ఈ బొమ్మ చేతికొచ్చినప్పుడు ఆ పనితనాన్ని చూసిందా, సూసన్న భయాన్ని చూసిందా?

అంతకు పదేళ్ల ముందు, 1610లో, 17 ఏళ్లు నిండీ నిండని ఆర్టెమీసియా జెంటిలెస్కి ఇదే కథని రంగుల్లో వేసింది. ఆమె సూసన్న మొహం పక్కకి తిప్పేసుకుని, చేతులతో వాళ్లని తోసేస్తుంది. అక్కడ ముందుగా కనబడేది ఆమె అసహ్యం.

కథలో ఊరు సూసన్నని ఏమీ అడగదు. చెప్పింది పెద్దలు కాబట్టి నమ్మి మరణశిక్ష వేస్తుంది. దానియేలు వాళ్లని విడదీసి, ఏ చెట్టు కింద చూశారని అడిగితే చెరో చెట్టు పేరు చెప్పి దొరికిపోతారు. ఆమెలో ఏ తప్పూ లేదని తేలినందుకు పుట్టింటివాళ్లు, భర్త దేవుణ్ణి స్తుతిస్తారు. ఆ రోజు నుంచి దానియేలు పేరు పెరుగుతుంది. ఆమె అరిచిందన్న సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు.

శీలానికి ఆదర్శం అని చెక్కిన చోట నేనైతే ఆ అరుపు గురించి రాస్తాను. చావు తప్పదని తెలిసీ నోరు విప్పిన మనిషి సూసన్న. అలాంటి అంకితమైతే ఏ కవయిత్రి అయినా తలెత్తి తీసుకోవచ్చు.